అలంపురం ఏ జిల్లాలో ఉంది? గ్రంథాలయ క్యాటలాగుల మూకుమ్మడి సవరణపై ఒక సమీక్ష

తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి చెప్పిన జవాబు ఒక జాబితా. 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులను, వారి రచనలను ఒక్కచోట చేర్చి అచ్చువేశారు. ఆ తర్వాత ఆ మాట అనేవారికి నోరు లేకపోయింది. నేటి జోగులాంబ గద్వాల నేలకు చెందిన ఆ పండితుడి పనిలో గ్రంథాలయాలకు పనికొచ్చే సత్యం ఒకటి ఉంది: ఉన్నదాన్ని సరిగా జాబితాకు ఎక్కిస్తేనే అది లోకానికి ఉన్నట్టు. బీరువాలో పుస్తకం భద్రంగానే ఉండొచ్చు. క్యాటలాగులో దాని రచయిత పేరు తప్పుగా పడితే, వెతికేవాడికి మాత్రం ఆ పుస్తకం లేదు. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) గ్రంథాలయాల కంప్యూటర్ క్యాటలాగుల విషయంలో ఇప్పుడు మన ముందున్న ప్రశ్న ఇదే. వేల రికార్డుల్లో పేరుకుపోయిన తప్పులను ఎలా దిద్దాలి? ఒక్కో రికార్డు తెరిచి చేత్తో దిద్దాలా, లేక మూలం అందరికీ తెరిచి ఉండే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సాయంతో మూకుమ్మడిగా దిద్దాలా? మూకుమ్మడిగా దిద్దడమే సరైన దారి అని, అయితే దానికి కారణం మిగిలే శ్రమ ఒక్కటే కాదని ఈ వ్యాసం వాదన.

ఈ నేలకు గ్రంథాలయం కొత్త మాట కాదు. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిశాక ఆ గాలి జిల్లాలకూ వీచింది. 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం వెలిసింది. దాని వెనక ఉన్న షబ్నవీసు వెంకటరామ నరసింహారావే 1922లో అదే పట్టణం నుంచి ‘నీలగిరి పత్రిక’ నడిపారు. ప్రజల చందాలతో మొదలైన ఆ పనికి 1955 నాటి హైదరాబాద్ పబ్లిక్ లైబ్రరీల చట్టం, ఆ తర్వాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రభుత్వ రూపం ఇచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు అలా వచ్చినవే. అంటే ఈ గ్రంథాలయాల్లోని ప్రతి పుస్తకంలాగే, దాన్ని వర్ణించే ప్రతి రికార్డు కూడా పన్ను కట్టిన ప్రజల ఆస్తి. యాక్సెషన్ రిజిస్టరు నుంచి కార్డుకు, కార్డు నుంచి కంప్యూటర్‌కు సాగిన ప్రయాణంలో ఆ ఆస్తి చాలా చేతులు మారింది. జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) వారి ఈ-గ్రంథాలయ, కళాశాలల్లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్, హైదరాబాద్‌లోనే పుట్టిన న్యూజెన్‌లిబ్, న్యూజీలాండ్ నుంచి వచ్చిన కోహా వంటి సాఫ్ట్‌వేర్‌లు, అవేవీ లేనిచోట ఎక్సెల్ పట్టిక: మన రాష్ట్రంలో క్యాటలాగు ఈ రూపాలన్నింటిలోనూ కనిపిస్తుంది. రూపం మారిన ప్రతిసారీ పాత తప్పులు కొత్త ఇంటికి వెంట వచ్చాయి, దారిలో కొత్తవి చేరాయి.

ఆ తప్పులను దగ్గరగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అవి చెదురుమదురుగా పడ్డ అచ్చుతప్పులు కావు. ఒక్కో కారణం వందల రికార్డుల్లో ఒకే గుర్తు వదిలింది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ కేంద్రాల్లో తెలుగు అంటే అను, శ్రీలిపి వంటి ఫాంట్లు. వాటిలో టైపు చేసింది తెరమీద తెలుగులా కనిపించినా, లోపల నిల్వ అయ్యేది రోమన్ అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ స్థానంలో అర్థంలేని గీతలు, గుర్తులు కనిపిస్తాయి. అలాంటి జాబితాలో వెయ్యి శీర్షికలు చెడితే, చెడిన తీరు మాత్రం ఒక్కటే. ఏ సంకేతం ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి తయారుచేస్తే వెయ్యీ ఒకేసారి తిరిగొస్తాయి. తెలుగువాళ్లు ఈ పని ఇదివరకే చేసి చూపించారు. పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడిన కాలంలో ‘పద్మ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆ సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చేది. మార్పిడి పట్టికలు అందరికీ కనిపించేలా ఉండటమే దాని బలం. ఆ పట్టికలను చూసి నేర్చుకోవడానికి, కొత్త ఫాంటుకు విస్తరించడానికి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

యూనికోడ్ వచ్చాక కష్టాలన్నీ తీరాయని అనుకోవడం తొందరపాటు. యూనికోడ్‌లో ఐత్వం గుర్తును ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం మీద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి ‘హైదరాబాద్’ రెండుచోట్లా ఒకేలా కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అవి రెండు వేరు మాటలు. ‘మహబూబ్‌నగర్’ అన్నప్పుడు పొల్లుకూ తర్వాతి అక్షరానికీ నడుమ కంటికి కనిపించని విభజన గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దాన్ని కొడతారు, ఇంకొకరు దాని బదులు ఖాళీ వదులుతారు, మరొకరు రెండూ లేకుండా ‘బ్న’ వత్తుగా కలిపేస్తారు. అక్షరంగా సున్న (అనుస్వారం) కావలసినచోట తెలుగు అంకె సున్నను టైపు చేసిన రికార్డును మనిషి కన్ను పట్టుకోలేదు. నల్లగొండ, నల్గొండ, తెలంగాణ, తెలంగాణా వంటి జంటలు వీటికి తోడు. తెలుగు పుస్తకానికి భాషా సంకేతం ఇంగ్లీషుగా పడిపోవడం ఇంకో గుంపు. గ్రంథాలయ రికార్డులకు వాడే మార్క్ పద్ధతిలో 008 ఫీల్డులో 35 నుంచి 37వ స్థానాల్లో భాషను మూడక్షరాల సంకేతంతో చెబుతారు. శీర్షికలో తెలుగు అక్షరాలు ఉండి, అక్కడ మాత్రం ఇంగ్లీషు సంకేతం ఉంటే అది తప్పే కావచ్చునని యంత్రం క్షణంలో చూపిస్తుంది. కంటికి కనిపించని తప్పును చేత్తో వెతకమనడం లైబ్రేరియన్‌ను శిక్షించడమే.

పేర్ల సంగతికి వస్తే లోతు ఎక్కువ. తెలుగులో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తర్వాత. కాబట్టి ‘సురవరం ప్రతాపరెడ్డి’ అన్న వరసలోనే ఇంటిపేరుతో మొదలయ్యే అమరిక ఉంది. ఇంగ్లీషు పద్ధతి నేర్చిన ఆపరేటర్ చివరి మాటే ఇంటిపేరని భావించి ‘రెడ్డి, సురవరం ప్రతాప’ అని ఎక్కిస్తాడు. మరొకరు ‘ప్రతాపరెడ్డి, సురవరం’ అంటారు. ఇంకొకరు ‘ప్రతాప రెడ్డి’ అని విడదీస్తారు. ఇక్కడ ఓపెన్‌రిఫైన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చేసే పని గమనించదగ్గది. దాని క్లస్టరింగ్ (గుంపుకట్టే) పద్ధతుల్లో ఒకటి విరామచిహ్నాలను తీసేసి, మాటలను అక్షరక్రమంలో పేర్చి పోలుస్తుంది. దాంతో ‘సురవరం ప్రతాపరెడ్డి’, ‘ప్రతాపరెడ్డి, సురవరం’ ఒకే గుంపులో పడతాయి. ఖాళీలను కూడా తీసేసి అక్షరాల జతలను పోల్చే మరో పద్ధతి ‘ప్రతాప రెడ్డి’ని కూడా ఆ గుంపుకు చేరుస్తుంది. అదే సాఫ్ట్‌వేర్‌లో ఉచ్చారణను బట్టి పోల్చే పద్ధతులు ఇంగ్లీషు, జర్మన్ వంటి ఐరోపా భాషల ధ్వనుల కోసం కట్టినవి, తెలుగు లిపికి అక్కరకు రావు. ఏ పనిముట్టు ఎంతవరకు పనికొస్తుందో తెలియాలంటే మన భాషతోనే పరీక్షించాలి. యంత్రం ఎన్నటికీ చెప్పలేనివీ ఉన్నాయి. ‘తెలంగాణా ప్రజల సాయుధ పోరాట చరిత్ర’ రాసిన దేవులపల్లి వేంకటేశ్వరరావు, ‘డి.వి.రావు’ ఒక్కరేనని అక్షరాలను పోల్చి తెలుసుకోలేం. దేవులపల్లి అన్న ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రాన కవి కృష్ణశాస్త్రిని ఆయనతో కలపకూడదనీ యంత్రానికి తెలియదు. అది తెలిసినవారు సూర్యాపేటలో, నల్లగొండలో పుస్తకాల మధ్య ఉన్నారు.

ఊళ్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ, అందుకు అలంపురం మంచి ఉదాహరణ. హైదరాబాద్ రాష్ట్రంలో అలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లావి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అవి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. 2014 జూన్ 2న అవి కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రంలోకి వచ్చాయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడిపోయాయి. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట చేరింది. గుల్బర్గా జిల్లా నుంచి 1956లో పాలమూరుకు వచ్చిన కొడంగల్ 2016లో వికారాబాద్‌కు వెళ్లింది. కాబట్టి అలంపురం ఆలయాల మీద రాసిన పుస్తకానికి విషయ శీర్షికలో జిల్లా పేరు ఏమని పెట్టాలి? ‘ఆంధ్రప్రదేశ్’ కనిపించిన ప్రతిచోటా ‘తెలంగాణ’ అని మార్చే గుడ్డి ఆదేశం ఇస్తే నంద్యాల కూడా తెలంగాణలోకి వచ్చేస్తుంది. ‘మహబూబ్‌నగర్’ను ‘జోగులాంబ గద్వాల’గా మారిస్తే పాత జిల్లా మొత్తం మీద వచ్చిన సర్వే గ్రంథం ఒక మూలకు కుంచించుకుపోతుంది. సరైన నియమం ఇలా ఉండాలి: ఊరిని గురించిన పుస్తకమైతే ఆ ఊరి నేటి జిల్లా చేర్చు, పాత పేరును వెతుకులాటకు ఉంచు, జిల్లా మొత్తాన్ని గురించినదైతే ఆ కాలపు జిల్లా పేరే ఉంచు, ప్రచురణ వివరాలను మాత్రం ముట్టుకోకు, ఎందుకంటే అవి అచ్చులో ఉన్నదానికి నకలు. ఈ నియమాన్ని రాయడానికి కంప్యూటర్ పరిజ్ఞానం కంటే ఈ నేల చరిత్ర తెలియడం ముఖ్యం.

ఇక పనిముట్ల విషయం. ఇంగ్లీషు ‘ఫ్రీ’ అన్న ఒకే మాటలో ఇరికించిన రెండు అర్థాలకు తెలుగులో రెండు మాటలున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. మార్క్‌ఎడిట్ మొదటి రకం. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన కాలంలో టెర్రీ రీస్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా క్యాటలాగర్ల చేతికర్ర. ఫీల్డులను చేర్చడం, తీసేయడం, మార్చడం, యూనికోడ్‌ను ఒకే రూపానికి తేవడం వంటివన్నీ అది చేస్తుంది. డబ్బు అడగదు, మూలం మాత్రం తెరిచి లేదు. ఓపెన్‌రిఫైన్, కోహా, న్యూజెన్‌లిబ్ రెండో రకం. ఓపెన్‌రిఫైన్ 2010లో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్ పేరుతో పుట్టి, గూగుల్ చేతికి వెళ్లి, 2012 నుంచి వాడుకరుల సమాజం చేతిలో ఉంది. ఇంటర్నెట్ లేకున్నా సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది కనుక శాఖా గ్రంథాలయానికీ సరిపోతుంది. న్యూజెన్‌లిబ్‌ను హైదరాబాద్‌కు చెందిన వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తయారుచేసి 2008లో స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశాయి. కోహా కథ మన జిల్లాలకు మరీ దగ్గరది. న్యూజీలాండ్‌లోని హోరోవెనువా అనే గ్రామీణ ప్రాంతపు గ్రంథాలయ సంస్థ, 2000 సంవత్సరం తేదీని తన పాత కంప్యూటర్ వ్యవస్థ తట్టుకోలేదని తెలిసి, కొత్తదాన్ని రాయించుకుని 2000 జనవరి నుంచి వాడింది, ఇతరులకూ ఇచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. పుస్తక ప్రతుల వివరాలను, రికార్డులను గుంపుగా మార్చే సదుపాయాలు అందులోనే ఉన్నాయి. దిగుమతిని నేరుగా క్యాటలాగులో కలపకుండా ముందు పక్కన నిలిపి చూసుకోవచ్చు, కలిపాక కూడా వెనక్కి తీసుకోవచ్చు.

ఈ పనిముట్లన్నింటిలో అతి విలువైనది వేగమని చాలామంది అంటారు. అంతకన్నా విలువైనది చేసిన పని రాతలో మిగలడం. ఓపెన్‌రిఫైన్‌లో చేసిన ప్రతి మార్పూ చరిత్రగా నిలుస్తుంది, ఆ చరిత్రలో గుంపుగా చేసిన మార్పులను బయటికి తీసి వేరే జాబితా మీద మళ్లీ నడిపించవచ్చు. కోహాలో మార్పుల నమూనాను ఒకసారి పేరు పెట్టి దాచుకోవచ్చు. చేత్తో దిద్దిన రికార్డులో దిద్దిన ఫలితమే మిగులుతుంది, ఎందుకు దిద్దారో మిగలదు. వనపర్తిలో ఒక లైబ్రేరియన్ పదేళ్లు కష్టపడి పేర్లన్నీ సరిచేసి రిటైరైతే ఆ వివేకం ఆయనతోనే వెళ్లిపోతుంది. నియమంగా రాసి ఉంచితే దాన్ని నారాయణపేటలో చదవవచ్చు, ప్రశ్నించవచ్చు, తప్పుంటే సరిచేయవచ్చు. మూలం తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కూ రాతలో ఉన్న నియమానికీ ఉన్న చుట్టరికం ఇదే. రెండింటిలోనూ నిర్ణయం అందరి కళ్లముందు ఉంటుంది. ప్రజల డబ్బుతో నడిచే క్యాటలాగుకు అంతకంటే తగిన పద్ధతి లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బరువైనదే: చేత్తో చేసిన తప్పు ఒక రికార్డును చెడగొడితే, నియమంలోని తప్పు పదివేలను చెడగొడుతుంది. నిజం. ఈ ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పేవారు ఈ పనికి తగరు. అయితే గుంపుగా చెడింది గుంపుగానే బయటపడుతుంది, పాత నకలు ఉంటే గుంపుగానే వెనక్కి వస్తుంది. విడివిడి తప్పులకు ఆ రెండు వసతులూ లేవు. అందుకే కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి. మొదలుపెట్టే ముందు మొత్తం క్యాటలాగుకు నకలు తీయాలి. నియమాన్ని ముందుగా ఓ యాభై రికార్డుల మీద నడిపి, వాటిని పుస్తకాలతో సరిచూడాలి. 245 ఫీల్డులోని శీర్షిక, ప్రచురణ వివరాలు అచ్చులో ఉన్నట్టే ఉండాలి. అట్టమీద ‘తెలంగాణా’ అని ఉంటే దాన్ని దిద్దే హక్కు మనకు లేదు, ‘తెలంగాణ’ రూపాన్ని 246 ఫీల్డులో అదనంగా చేర్చాలి. తీసేయడం కంటే చేర్చడం మేలు. గుంపులను యంత్రం సూచించాలి, కలపాలా వద్దా అన్నది మనిషి నిర్ణయించాలి.

రెండో అభ్యంతరం: ప్రభుత్వ గ్రంథాలయాలకు ఎన్ఐసీ ఈ-గ్రంథాలయను ఉచితంగానే ఇస్తుండగా మరో సాఫ్ట్‌వేర్ ఎందుకు? దాన్ని వదులుకోవాలని ఎవరూ అనడం లేదు. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక వ్యవస్థ, రికార్డులను శుభ్రం చేయడానికి ఇంకో పనిముట్టు ఉండటంలో విరోధమేమీ లేదు. ఈ-గ్రంథాలయ నుంచి రికార్డులను పట్టికగా బయటికి తీయవచ్చు, దాన్ని ఓపెన్‌రిఫైన్‌లో దిద్దవచ్చు. అసలు పట్టు మరోచోట ఉంది. ఉచితంగా ఇచ్చేది ఎవరైనా, మన రికార్డులు ఎప్పుడైనా ప్రామాణిక రూపంలో మన చేతికి రావాలి, మనం దిద్దింది తిరిగి లోపలికి వెళ్లాలి. ఆ దారి మూసుకుపోతే ఉచితం కూడా ఖరీదైనదే. ఏ వ్యవస్థ ఎంచుకున్నా గ్రంథాలయ సంస్థలు మొదట అడగవలసిన షరతు ఇది.

మూడో అభ్యంతరం: పెద్ద గ్రంథాలయాల నుంచి మంచి రికార్డులు దించుకుంటే పోదా? కొంతవరకు పోతుంది. 1962 నుంచి పీఎల్-480 పథకం కింద అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన ఢిల్లీ కార్యాలయం ద్వారా మన పుస్తకాలు సేకరించింది. వాటిలో తెలుగు పుస్తకాలకు నిపుణులు తయారుచేసిన రికార్డులున్నాయి. కానీ వాటిలో తెలుగును నిర్ణీత పద్ధతిలో రోమన్ లిపిలో రాశారు. మన పాఠకుడికి అది తెలుగు లిపిలో కావాలి. ఆ మార్పిడి కూడా మూకుమ్మడి సవరణే, అందులోనూ తెలుగు తెలిసినవారి చెయ్యి పడాలి. ఆ రోమన్ పద్ధతి పూర్ణానుస్వారాన్ని తర్వాతి హల్లును బట్టి వేర్వేరు అనునాసికాలుగా రాస్తుంది. ఆ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ దాన్ని వెనక్కి తిప్పితే ‘సాంఘిక’ కాస్తా ‘సాఙ్ఘిక’ అవుతుంది. అనునాసికం తర్వాత హల్లుంటే సున్నగా మార్చమని నియమం రాస్తే ఇది సరవుతుంది, కానీ అంతటితో ఆగితే ‘అమ్మ’ కూడా ‘అంమ’ అయిపోతుంది. ద్విత్వం వంటివాటిని మినహాయించాలన్న మాట తెలుగు చదువుకున్న పిల్లలకూ తెలుసు, యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. పైగా జిల్లా కవుల సంకలనాలు, స్థానిక పోరాట జ్ఞాపకాలు, ఆలయ చరిత్రలు, శతకాలు వంటి చిన్న పుస్తకాలన్నీ వాషింగ్టన్ దాకా వెళ్లి ఉంటాయని ఆశించలేం. వాటి రికార్డు ఇక్కడే పుట్టాలి, ఇక్కడే సరిగా ఉండాలి.

చివరి అభ్యంతరం వాస్తవ పరిస్థితి నుంచి వస్తుంది. శాఖా గ్రంథాలయాల్లో సిబ్బందే చాలరు, చాలాచోట్ల జాబితా ఇంకా రిజిస్టరులోనే ఉంది, అక్కడికి వచ్చే యువకుల్లో ఎక్కువమంది పోటీపరీక్షల పుస్తకాల కోసం వస్తారు. ఇంతలో ఎవరికి ఈ సవరణల తీరిక? సిబ్బంది తక్కువగా ఉండటమే ఈ పద్ధతిని కోరే మొదటి కారణం. ఒక్కరు రాసిన నియమం ఎనిమిది జిల్లాలకు పనికొస్తే, ఎనిమిదిచోట్ల ఒకే కష్టం పడనక్కరలేదు. రిజిస్టరులో ఉన్నవాళ్లకు ఇంకో మేలు ఉంది: తప్పులు ఎక్కడ పుడతాయో ముందే తెలిసింది కనుక, ఎక్కించేటప్పుడే వాటిని ఆపవచ్చు. పోటీపరీక్షల విద్యార్థి కూడా తెలంగాణ సాయుధ పోరాటం గురించి, సంస్థానాల గురించి చదవాల్సినవాడే. బీరువాలో ఉన్న పుస్తకం అతనికి దొరక్కపోతే, అవసరం లేక దొరకలేదని అనడం అన్యాయం. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం ఈ పనికి సహజమైన ఇళ్లు. అక్కడి చరిత్ర, తెలుగు విద్యార్థులకు ఊళ్ల పేర్లు తెలుసు, ఇంటిపేర్లు తెలుసు. కంప్యూటర్ విద్యార్థులకు నియమాలు రాయడం తెలుసు. ఈ రెండు చదువులు కలిసే చోటు క్యాటలాగు.

మొదటి అడుగు పెద్దది కానక్కరలేదు. పాత రెండు జిల్లాల పరిధిలోని గ్రంథాలయాలు కలిసి మూడు పట్టికలు తయారుచేసుకుంటే చాలు. ఒకటి, ఊళ్ల పట్టిక: ప్రతి ఊరికీ దాని పేరుకున్న రూపాలు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ తాలూకా, ఏ మండలం, ఏ జిల్లా. రెండు, రచయితల పట్టిక: ఇంటిపేరు, పూర్తి పేరు, పొడి అక్షరాలు, కలంపేరు, ఎవరు ఎవరు కారో కూడా. మూడు, అక్షరాల పట్టిక: పాత ఫాంట్ల సంకేతాలు, రోమన్ మార్పిడి నియమాలు, వాటికి మినహాయింపులు. సాఫ్ట్‌వేర్ రేపు మారుతుంది, ఈ పట్టికలు మారే సాఫ్ట్‌వేర్‌లన్నింటికీ పనికొస్తాయి. అందుకే వాటిని ఎవరైనా తీసుకుని వాడుకునేలా, తప్పు కనిపిస్తే సూచించేలా బహిరంగంగా ఉంచాలి. ఊళ్ల పట్టికలో మొదటి వరసలో అలంపురం ఉండవచ్చు: 1956 వరకు రాయచూరు, 2016 వరకు మహబూబ్‌నగర్, ఆ తర్వాత జోగులాంబ గద్వాల. ఆ ఒక్క వరస సరిగా ఉంటే, అలంపురం మీద ఏ కాలంలో వచ్చిన పుస్తకమైనా, ఏ పేరుతో వెతికినా పాఠకుడి చేతికి వస్తుంది.